జిగురులో మైలుతుత్తం

ఆ ఏడు వానాకాలంలో మా ఇంట్లో మూడు పిల్లులు చచ్చిపోయాయి. మా అత్త పెళ్లి ఆగిపోయింది. మొదటి పిల్లి ఒక మంగళవారం పొద్దున పోయింది. మూడోది పోయేనాటికి బళ్లు తెరిచి ఇంకా నెల కాలేదు.

మాది పుస్తకాల బైండింగు. ఇంటి ముందు భాగంలో పని, వెనక భాగంలో కాపురం. రెంటికీ మధ్య తలుపు ఉండేది కానీ అది మూసి ఉండగా నేను చూడలేదు. ముందు గదిలో కటింగు మిషను, జిగురు బల్ల. పక్క గదిలో కుట్టుపని. ప్రింటింగు ప్రెస్సు నుంచి అచ్చయిన కాగితాలు బండి మీద వచ్చేవి. వాటిని ఫారాలు అంటాం. ఫారాన్ని మడవాలి, వరసలో పేర్చాలి, కుట్టాలి, వీపుకి జిగురు పట్టించాలి, అట్ట వెయ్యాలి, మూడు పక్కలా కొయ్యాలి. మడిచేది ఒకావిడ. ఆమెను మేమంతా మడతపిన్ని అనేవాళ్లం. కుట్టేది మా అత్త, నాన్నకి చెల్లెలు. కొయ్యడం, జిగురు కాచడం కటింగు మాస్టారి పని. అమ్మ ఇటు పొయ్యీ అటు అట్టలూ చూసుకునేది. నాన్న అందర్నీ తొందరపెట్టేవాడు. కాలేజీకి సెలవులు కనక నేను ఎవరు కేకేస్తే వాళ్ల దగ్గరికి పరిగెత్తేదాన్ని.

మేం వాడే జిగురు మైదాతో కాచింది. మైదా వాసనకి ఎలుకలు వస్తాయి, వచ్చి పుస్తకాల వీపులు కొరుకుతాయి. అందుకని మా ఇంట్లో ఎప్పుడూ పిల్లులుండేవి. అవి అత్తవి. పెంచింది ఆవిడ, పేర్లు పెట్టింది ఆవిడ. ముసలమ్మ అన్నిటికన్నా పెద్దది. ఫ్యాను గాలికి ఫారాలు ఎగిరితే అత్త దాన్ని ఎత్తి దొంతర మీద బరువుగా కూర్చోబెట్టేది. అది దిగేది కాదు. మేస్త్రీ బూడిదరంగు మగపిల్లి. కుట్టిన పుస్తకాల దొంతరలన్నీ రోజూ వాసన చూసి వెళ్లేది. నాన్నకంటే అదే నయం, తనిఖీ చేస్తుంది కానీ తిట్టదు అని మడతపిన్ని అనేది. మూడోది చారలు. అది అత్త ఒడిలో తప్ప ఎక్కడా పడుకునేది కాదు.

అత్తకి అప్పుడు నలభై రెండేళ్లు. మాస్టారికి ఇంకో నాలుగైదు ఎక్కువ. ఆయన భార్య పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. బళ్ల సీజను అయిపోగానే రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లి సంతకాలు పెట్టి వద్దామని మాటయింది. మాట కదిపింది మాస్టారు. నాన్న ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం అత్త ఒకే పుస్తకాన్ని రెండుసార్లు కుట్టింది.

*

తొలి వాన పడిన రోజు మాస్టారు ప్రెస్సు నుంచి ఫారాలు తెచ్చారు. మనిషి తడిసి ముద్దయ్యారు, ఫారాలు మాత్రం తడవలేదు. చొక్కా లోపల ఏదో కదులుతోంది.

"ఏమండీ, ఒకసారి చెయ్యి చాపండి," అన్నారు అత్తతో.

మడతపిన్ని మడత ఆపింది. "మా ఇంట్లో నేను మా ఆయన్ని ఏమండీ అంటాను. ఇక్కడంతా తలకిందులు."

అత్త చెయ్యి చాపింది. మాస్టారు చొక్కాలోంచి పిల్లికూనని తీసి ఆ చేతిలో పెట్టారు. నల్లది. తోక కొన దగ్గర ఒక వంకర.

"ప్రెస్సు గోడౌన్లో కాగితం రీళ్ల వెనక అరుస్తోందండీ. తల్లి జాడ లేదు. పక్కనే ఇంకో రెండు కూనలు చచ్చి పడున్నాయి. దీన్ని వదిలేసి రాబుద్ధి కాలేదు. మీకని తెచ్చాను."

"పెళ్లి కాకముందే పిల్లని చేతిలో పెట్టేశారు. గట్టివారే మాస్టారూ!" అంది మడతపిన్ని.

మాస్టారు మిషను వైపు తిరిగి, అప్పటికే శుభ్రంగా ఉన్న కత్తిని మళ్లీ తుడిచారు. అత్త తలెత్తలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"తోక చూడవే," అంది నాతో కాసేపటికి. "కామా పెట్టినట్టు లేదూ?"

అలా దానికి కామా అనే పేరు వచ్చింది.

ఆ వారమంతా కామా ఇల్లంతా తిరిగింది. కుట్టే దారం పట్టుకుని లాగింది. జిగురు బల్ల ఎక్కింది. మేస్త్రీ పళ్లెంలోనే తింది, చారలు పక్కనే పడుకుంది. చారలు దాన్ని తలనుంచి తోకదాకా నాకేది. నాలుగూ ఒకే పళ్లెంలో తినేవి. మా ఇంట్లో మనుషులకీ అంతే, పనిలో ఉన్నవాళ్లంతా ఒకేసారి కూర్చుని తినాలి. అది అమ్మ పెట్టిన పద్ధతి. అత్త దాన్ని పిల్లులకీ పెట్టింది.

ఆ వారంలోనే ఒక లైబ్రరీ నుంచి పోయినేడు మేం కట్టిన పుస్తకాలు వెనక్కి వచ్చాయి. వీపుల్లో పురుగు పట్టింది. నాన్న ఒక పుస్తకం విరిచి చూసి మాస్టారి ముందు పెట్టాడు.

"తుత్తం సరిపోవట్లేదు మాస్టారూ. ఇంకాస్త వెయ్యండి."

మైలుతుత్తం నీలం రంగు పలుకులు. నీళ్లలో కరిగించి జిగురులో కలిపితే పురుగు పట్టదు. కడుపులోకి వెళ్తే విషం. మా ఇంట్లో నడక నేర్చిన ప్రతి బిడ్డకీ మొదట చెప్పే మాట అదే. మాస్టారు ఇంకాస్త వేశారు. జిగురుకి రంగు తేలింది.

*

సోమవారం మధ్యాహ్నం కామా ఆడలేదు. నీళ్ల గిన్నె మీదికి తల వంచి కూర్చుంది. తాగలేదు, తల తియ్యలేదు. అత్త పాలు పెడితే మొహం తిప్పుకుంది. తర్వాత పసుపుపచ్చ నురగ కక్కింది.

అత్త దాన్ని ఒడిలోకి తీసుకుని కాళ్లు చూసింది. ముందుకాలి వేళ్ల మధ్య ఎండిన జిగురు ఉంది. గోటితో గీకితే నీలంగా రాలింది.

"వదినా!" అని అరిచింది.

అమ్మ పరిగెత్తుకొచ్చింది. "నాకింది! ఖాయంగా నాకింది. గుడ్డు తెల్లసొన పట్టు. ఒసేయ్, రెండు గుడ్లు పగలగొట్టి తే!"

నేను తెచ్చాను. అత్త చెంచాతో కామా నోట్లో పోసింది. సగం బయటికి వచ్చింది. అదే చెంచాతో చారలు నోట్లో, తర్వాత మేస్త్రీ నోట్లో, ముసలమ్మ నోట్లో పోసింది. అవి బాగానే ఉన్నాయి కానీ ముందుజాగ్రత్త మంచిది కదా అంది. తర్వాత నాలుగింటినీ కుట్టుగదిలో పెట్టి తలుపు వేసింది. ఆ తలుపు కింది సందులో గోనెపట్టా కూరింది. జిగురు చుక్క కూడా లోపలికి రాకూడదు. ఒక పళ్లెం, ఒక నీళ్ల గిన్నె, ఒక మట్టి తట్ట పెట్టి తనూ అక్కడే చాప వేసుకుంది.

పొద్దున ఆవిడ తలుపు తీసేసరికి కామా ఆవిడ చేతుల్లో ఉంది. ప్రాణం లేదు.

మాస్టారు పెరట్లో గొయ్యి తవ్వారు. బైండింగుకి వాడే గుడ్డలోంచి ఒక ముక్క కోసి తెచ్చి దాన్ని చుట్టారు. ఆ గుడ్డ లైబ్రరీ పుస్తకాలకని దాచినది. నాన్న చూసి ఊరుకున్నాడు. మట్టి కప్పాక అత్త అడిగింది.

"జిగురు ఎప్పటిలాగే కలిపారా?"

"లేదండీ. ఈ మధ్య కాస్త ఎక్కువ వేశాను."

"నేనే వెయ్యమన్నాను," అన్నాడు నాన్న.

"నువ్వు వెయ్యమంటావు అన్నయ్యా. నీకేం, నోటిమాట. ఎంత వెయ్యాలో వేసే చేతికి తెలియాలి కదా."

మాస్టారు పార కడిగి గోడకి ఆనించారు. ఆ రోజు నుంచి తుత్తం లేకుండా జిగురు కాచారు. పురుగు పడితే పడనీ అని నాన్నా అన్నాడు. అత్త కుట్టుగది తలుపు మాత్రం తియ్యలేదు. మిగతా మూడు పిల్లులూ లోపలే. ఫారాలు కూడా గుమ్మం దగ్గర పెట్టి వెళ్లాల్సిందే. జిగురు చేతులతో ఎవరూ గడప దాటకూడదు.

మధ్యాహ్నాలు మాస్టారు వచ్చి గడప ఇవతల నిలబడేవారు.

"తింటున్నాయాండీ?"

"తింటున్నాయి."

అంతే మాట్లాడుకునేవాళ్లు. కానీ అత్త మాట్లాడేది. అప్పటికి ఇంకా మాట్లాడేది.

*

శనివారం చారలు తినలేదు. నీళ్ల గిన్నె మీద తల వంచి కూర్చుంది. అచ్చం కామా కూర్చున్నట్టే.

అత్త గదిలోంచి బయటికి వచ్చింది. ముందు గదిలో అందరం ఉన్నాం. మాస్టారు జిగురు కలుపుతున్నారు. బిందెలోంచి ఆవిరి వస్తోంది.

"మళ్లీ వేశారు కదూ?" అంది.

"ఏంటండీ?"

"తుత్తం. చారలుకి కూడా వచ్చింది. అవే కక్కులు. గదిలోంచి అడుగు బయట పెట్టలేదది. ఫారాలకి అంటి లోపలికి రాక ఇంకెక్కడిది?"

"ఇందులో తుత్తం లేదండీ. మంగళవారం నుంచి లేదు."

"పురుగు పడుతుందని అన్నయ్య గొణుగుతుంటే విని ఉంటారు. చెప్పకుండా వేసి ఉంటారు."

"చెల్లాయ్," అన్నాడు నాన్న.

మాస్టారు రెండు వేళ్లు జిగురులో ముంచారు. చల్లారేదాకా ఊదారు. నోట్లో పెట్టుకుని మింగారు. మళ్లీ ముంచి మళ్లీ మింగారు. అందరం చూశాం. మడతపిన్ని చేతిలో ఫారం సగం మడతలో ఆగింది.

"చూడండి," అన్నారు మాస్టారు. "నేను బాగానే ఉన్నాను."

"మీకేమవుతుంది? మీ ఒళ్లూ దాని ఒళ్లూ ఒకటా?" అంది అత్త. "ఇన్నాళ్లూ ఇదే చేత్తో కలిపారు. ఇదే చేత్తో దాన్ని పూడ్చారు. ఆ చెయ్యి చూస్తూ రేపు మీ ఇంట్లో నేనెలా ఉంటాను?"

లోపల్నుంచి చారలు కక్కుతున్న చప్పుడు వచ్చింది. అత్త లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మాస్టారు జిగురు దించారు. చేతులు కడుక్కున్నారు. సబ్బు పెట్టి ఇంకోసారి కడుక్కున్నారు. మిషను కత్తి కిందికి దింపి చక్రం బిగించారు, కత్తికి నూనె రాశారు, మీద గోనెపట్టా కప్పారు. తాళంచెవి నాన్న చేతిలో పెట్టారు.

"మాస్టారూ, బాధలో ఉంది. బాధలో అన్న మాట పట్టుకుంటారా? రేపటికి సర్దుకుంటుంది," అన్నాడు నాన్న.

"పని ఆపుకోకండి. కోతకి ఉన్న దొంతర అట్టడుగున చిన్న సైజువి ఉన్నాయి, చూసుకోండి."

ఆయన రోజూ పని దిగి ఇంటికి బయల్దేరేటప్పుడు కుట్టుగది వైపు తిరిగి "వస్తానండీ" అనేవారు. ఆ రోజు మూసిన తలుపు ముందు కాసేపు నిలబడ్డారు. "వెళ్తానండీ," అన్నారు.

చారలు ఆదివారం పోయింది. గొయ్యి నాన్న తవ్వాడు.

*

మంగళవారం మేస్త్రీ నీళ్ల గిన్నె దగ్గర కూర్చుంది. మాస్టారు వెళ్లాక మా ఇంట్లో జిగురు కాచినవాళ్లు లేరు. నాన్న మిగిలిన జిగురు పారబోసి బిందె కడిగి బోర్లించాడు. బల్ల కూడా అమ్మ వేడినీళ్లతో తోమేసింది.

అమ్మ గడప దగ్గర నిలబడింది. "ఇదిగో అమ్మాయ్, నాకెందుకో ఇది తుత్తంలా లేదు. ఇంట్లో జిగురే లేదు. ఇంకేం నాకిందని?"

అత్త అమ్మ మొహం చూసింది. తర్వాత మేస్త్రీని చూసింది. "బుట్ట తేవే," అంది నాతో.

పశువుల ఆసుపత్రి ఊరికి అటు చివర ఉంది. వాన పడుతూనే ఉంది. బుట్ట మీద ప్లాస్టిక్ కవరు కప్పి అత్త దాన్ని ఒళ్లో పెట్టుకుంది. ఆసుపత్రి వరండాలో బల్ల మీద చోటు లేదు. ఒకాయన పుంజుని చంకలో పెట్టుకుని ఉన్నాడు. మాకు చోటిచ్చి జరిగాడు.

"మావాడు నాలుగు రోజులుగా కూయట్లేదమ్మా," అన్నాడు అత్తతో. "ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోతున్నాం. అయినా ఏదో బెంగ. మీదానికేమైంది?"

అత్త కవరు కాస్త ఎత్తి చూపించింది. ఆయన చూసి, ఇంకేమీ అడగలేదు. తన వంతు వచ్చినప్పుడు మమ్మల్ని ముందు వెళ్లమన్నాడు.

డాక్టరమ్మ వయసు నాకంటే పది పన్నెండేళ్లు ఎక్కువ ఉంటుందేమో. మేస్త్రీ పొట్ట నొక్కి చూసింది. చిగుళ్లు చూసింది. ముందుకాలి దగ్గర జుట్టు గొరిగి రక్తం తీసింది. వెనకనుంచి ఒక పుల్లతో మలం తీసి, చిన్న ప్లాస్టిక్ పలకలో చుక్కలు వేసింది. ఫలితం తేలేలోపు ప్రశ్నలు వేసింది.

"టీకాలు వేయించారా?"

"పిల్లులకి టీకాలుంటాయా?" అంది అత్త.

"బయట తిరుగుతుందా?"

"ఎలుకలు పట్టేదమ్మా. తిరక్కపోతే ఎలా?"

"ఇంట్లో ఇంకా ఉన్నాయా?"

"ఉండేవి. నాలుగు. ఇప్పుడిది, ఇంకో ముసలిది."

డాక్టరమ్మ తలెత్తింది. "మిగతా రెండూ?"

"మందు తిని పోయాయి. మేం పుస్తకాలు కడతాం. జిగురులో మైలుతుత్తం వేస్తాం. అది నాకి..." అత్త అక్కడ ఆగింది.

డాక్టరమ్మ పలక మా వైపు తిప్పింది. దాని మీద రెండు గీతలు తేలాయి.

"ఇది మందు కాదమ్మా. వైరస్. పేగుల్ని పట్టుకుంటుంది, రక్తంలో తెల్లకణాలు తినేస్తుంది. చూసినవాళ్లు ఎవరైనా విషమే అనుకుంటారు. ఈ నెలలో నా దగ్గరికి పిల్లిని తెచ్చి ఎవరో విషం పెట్టారు అన్నవాళ్లలో సగంమంది పిల్లులకి వచ్చింది ఇదే. పక్కింటివాళ్ల మీద పోలీసు రిపోర్టు ఇచ్చి మరీ వచ్చినవాళ్లున్నారు."

అత్త ఆ గీతల మీదికి వంగి చూసింది.

"ఇది కొత్తదేం కాదు. పిల్లులున్నచోట ఉండేదే," అంది డాక్టరమ్మ. "టీకా పడనివాటికి వస్తుంది. పసికూనలకి మరీ. బయట తిరిగేవాటికి, ఒకే ఇంట్లో నాలుగైదు ఉన్నవాటికి ఎక్కువ. కూనలు పుట్టే కాలంలో ఇంకా ఎక్కువ. చాలా ఇళ్లలోకి కొత్త పిల్లితో వస్తుంది. మీ ఇంటికి ఈ మధ్య కొత్తది ఏదైనా వచ్చిందా?"

అత్త బుట్ట అంచు పట్టుకుంది.

"ఒక కూన వచ్చింది."

"ఎక్కడినుంచి?"

"కాగితాల గోడౌను నుంచి. దాని పక్కన ఇంకో రెండు చచ్చిపోయి ఉన్నాయట."

"అదేమైంది?"

"ముందు పోయింది అదే."

"అయితే దానితోనే వచ్చింది," అంది డాక్టరమ్మ. "ఒక పిల్లికి రాగానే మిగతావాటిని విడిగా పెట్టారా?"

నేను అత్త వైపు చూడలేదు.

"లేదు. అన్నిటినీ ఒకే గదిలో పెట్టి తలుపేశాను. జిగురు తగలకూడదని. ఒకే పళ్లెం. ఒకే గిన్నె. చెంచా కూడా ఒకటే."

డాక్టరమ్మ చేతి తొడుగులు తీసి చెత్తబుట్టలో వేసింది. "సెలైన్ పెడతాను. ఇక్కడే ఉంచండి. చెప్పలేను," అంది.

"ముసలిది బాగానే ఉందమ్మా," అన్నాను నేను. "అది కూడా ఆ గదిలోనే ఉంది."

"చిన్నప్పుడెప్పుడో ఇదే వచ్చి బతికి ఉంటుంది. అలాంటివాటికి మళ్లీ రాదు. గదంతా బ్లీచింగు నీళ్లతో కడగండి. గుడ్డలు, తట్ట పారేయండి. ఏడాదిపాటు కొత్త పిల్లిని తేకండి. ఇది గచ్చులో, చెక్కలో అలాగే ఉంటుంది. చెప్పుల మట్టితో కూడా ఇంట్లోకి వస్తుంది."

మేస్త్రీని ఒక జాలీ గూట్లో పడుకోబెట్టి కాలికి సూది గుచ్చారు. అత్త జాలీలోంచి వేలు పెట్టి దాని చెవి నిమిరింది. మర్నాడు సాయంత్రం మేం వెళ్లేసరికి గూడు ఖాళీ చేసి కడుగుతున్నారు. కాంపౌండరు బుట్ట తెచ్చి ఇచ్చాడు. బరువుగానే ఉంది.

ఇంటికి వచ్చేదాకా అత్త ఏడవలేదు. గొయ్యి పూడ్చాక పెరట్లోనే మెట్టు మీద కూర్చుని, ఆపకుండా ఏడ్చింది. అమ్మ పక్కన కూర్చుని వీపు నిమురుతూ, "ఊరుకో, మూగజీవాలు, వాటి రోజులంతే," అంది.

"వాటి కోసమేనా వదినా?" అంది అత్త.

*

మాస్టారు బజారు వెనక సందులో ఇంకో బైండింగు షాపులో చేరారని మడతపిన్ని చెప్పింది. శుక్రవారం అత్త ఉతికిన చీర కట్టుకుని నన్ను పిలిచింది.

"నువ్వు రా. నేను ఒక్కదాన్నే వెళ్తే ఆయన ఇబ్బంది పడతారు."

"అత్తా, ఆయన్ని బయటికి పిలిచి మాట్లాడదామా?"

"బయటికెందుకు? అందరి ముందూ అన్నాను. అందరి ముందే చెప్తాను."

ఆ షాపు మాదానికన్నా పెద్దది. పదిమంది దాకా పనిలో ఉన్నారు. మాస్టారు మిషను దగ్గర ఉన్నారు. మమ్మల్ని చూసి కోత సగంలో ఆపలేదు. కత్తి పూర్తిగా దిగాక, మళ్లీ లేచాక, చక్రం వదిలారు. అత్త గుమ్మంలోనే నిలబడింది.

"మాస్టారూ," అంది. గొంతు షాపంతా వినిపించింది. "మీ జిగురులో ఏమీ లేదు. మీరు ఏ తప్పూ చెయ్యలేదు. అది వైరస్ అట. డాక్టరమ్మ పరీక్ష చేసి చూపించింది. నేను నోటికొచ్చినట్టు మాట్లాడాను. మీ పని గురించి, మీ చెయ్యి గురించి నేనన్నది తప్పు. మీ షాపువాళ్లు కూడా వినాలని ఇక్కడే చెప్తున్నాను."

మడత దగ్గర కూర్చున్న ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. మాస్టారు చేతులు తుడుచుకుని ఒక స్టూలు తెచ్చి ఫ్యాను కింద వేశారు.

"కూర్చోండి. తడిసిపోయారు."

అత్త కూర్చుంది.

"మేస్త్రీ?" అని అడిగారు.

"మొన్న పోయింది."

"ముసలమ్మ?"

"బాగానే ఉంది. తింటోంది."

ఆయన కింద పడిన కాగితం పీలికల్ని కాలితో పక్కకి నెట్టారు.

"కామాకి కూడా ఇదేనా?"

"ఇదే."

"దానికి ఎక్కడినుంచి వచ్చిందంటారండీ? గోడౌన్లో దాని పక్కన రెండు చచ్చి పడున్నాయి. మీకు చెప్పాను కూడా."

నాకు తెలిసి మా అత్త అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. ఆయన మొహంలోకి చూస్తూ చెప్పింది.

"అవి ఆకలికి పోయుంటాయి. డాక్టరమ్మని అడిగాను. చెప్పుల మట్టితో వస్తుందట. నేను బజారంతా తిరిగి ఆ చెప్పులతోనే లోపలికి వస్తాను కదా. నా చెప్పులతో వచ్చి ఉంటుంది అంది."

"మీ చెప్పులతోనా?"

"నా చెప్పులతోనే."

ఆయన నా వైపు చూశారు. నేను తల ఊపాను.

"పోన్లెండి," అన్నారు ఆయన. "మీకు మాత్రం ఏం తెలుసు?" గట్టిగా ఊపిరి వదిలి మిషనుకి ఆనుకున్నారు.

"రండి మాస్టారూ. అన్నయ్య మీ చోటు ఎవరికీ ఇవ్వలేదు. సీజను ఇంకా ఉంది. తర్వాత సంగతి మీ ఇష్టం."

ఆయన మిషను మీద ఉన్న దొంతర అంచులు అరచేత్తో తట్టి సమంగా సర్దారు.

"మీరు ఇంత దూరం వచ్చి చెప్పారు. మీ మీద నాకు కోపం లేదండీ, నిజంగా లేదు. కానీ కత్తి కింద దొంతర పెట్టిన ప్రతిసారీ నా చెయ్యి కనిపిస్తుంది. చెయ్యి కనిపించగానే మీరన్న మాట వినిపిస్తుంది. ఇక్కడైతే కాస్త తక్కువ. మీ ఇంట్లో అయితే మీ గొంతు రోజంతా వింటూ ఉండాలి. కోత పని చేసేవాడికి ధ్యాస పక్కకి పోకూడదు."

"పోనీ మీరు పనికి ఇక్కడికే రండి. ఇంటికి..." అంది అత్త, ఆగిపోయింది.

"వద్దండీ," అన్నారు ఆయన, చాలా మెల్లగా.

అత్త లేచింది. స్టూలు ఎత్తి గోడ పక్కన పెట్టబోతే ఆయన అందుకున్నారు. గుమ్మం దాకా వచ్చారు. "గొడుగు తేలేదా?" అని నన్ను అడిగారు. లోపలికి వెళ్లి తన గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టారు. వాన తగ్గాక ఎవరిచేతైనా పంపితే చాలన్నారు.

మేం సందు చివరికి చేరేలోపే మిషను మళ్లీ మొదలైంది. అత్త ఆగి విన్నది. నడవమన్నట్టు నా మోచెయ్యి పట్టుకుంది.

గొడుగు మర్నాడు నాన్న తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు. తర్వాతి సోమవారం మా షాపులో కొత్త కటింగు మనిషి పనిలో చేరాడు.